గడ్డకు కాదు, గుబులుకు

అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఒక గది ఉంది. ఆసుపత్రి గదిలా ఉండదు. సోఫా, మెత్తటి వెలుతురు, గోడకు బొమ్మలు. ఎవరింటి ముందుగదిలోనో కూర్చున్నట్టుంటుంది. క్యాన్సర్ ఉన్న మనిషి పొద్దున్నే వచ్చి ఒక క్యాప్సూల్ మింగి, కళ్ళకు గంతలు కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ సోఫా మీద పడుకుంటారు. సంగీతం మోగుతూ ఉంటుంది. పక్కనే శిక్షణ పొందిన ఇద్దరు తోడుగా కూర్చుంటారు. పెద్దగా మాట్లాడరు. భయపడితే చెయ్యి పట్టుకుంటారు. అలా ఆరేడు గంటలు.

క్యాప్సూల్‌లో ఉన్నది సైలోసిబిన్. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే పదార్థం. కొడైకెనాల్ వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు ‘మ్యాజిక్ మష్రూమ్’ అని గుసగుసగా చెప్పుకునేది దీని గురించే. పరిశోధనలో వాడేది మాత్రం ల్యాబులో తయారై, మిల్లీగ్రాముల లెక్కన తూచినది.

ముందే ఒక మాట. ఇది క్యాన్సర్‌ను తగ్గించే మందు కాదు. రేపెవరైనా వాట్సాప్‌లో అలా పంపితే నమ్మకండి. గడ్డ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కీమో, రేడియేషన్, ఆపరేషన్ చెయ్యాల్సిన పని ఇది చెయ్యదు. క్యాన్సర్ అన్న మాట విన్న రోజు నుంచి మనిషిని లోపల తినేసే ఇంకొకటుంది: చావు భయం, నిద్రపట్టని రాత్రులు, ‘ఇక దేనికిలే’ అన్న నిస్పృహ. ఈ పరిశోధన గురి దాని మీద.

కొత్త ఆలోచనేమీ కాదు. 1960లలోనే షికాగోలో ఎరిక్ కాస్ట్ అనే వైద్యుడు, మేరీలాండ్‌లోని స్ప్రింగ్ గ్రోవ్ ఆసుపత్రి బృందం చివరి దశలో ఉన్న రోగులకు సైలోసిబిన్ లాంటిదే అయిన ఎల్‌ఎస్‌డీ ఇచ్చి చూశారు. 1970లో అమెరికా చట్టం ఇలాంటి వాటన్నిటినీ నిషేధిత జాబితాలో పెట్టాక ఆ పని క్రమంగా ఆగిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో ఛార్లెస్ గ్రోబ్ 12 మంది రోగులతో చేసి, 2011లో ప్రచురించిన చిన్న అధ్యయనంతో మళ్ళీ కదలిక వచ్చింది.

అసలు సంచలనం 2016 డిసెంబర్‌లో వెలువడ్డ ఫలితాలతో. హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 51 మందికి రెండు విడతలుగా మందు ఇచ్చింది: ఒకసారి గట్టి మోతాదు, ఒకసారి దాదాపు ఏమీ చెయ్యనంత తక్కువ మోతాదు. కొందరికి ముందు ఇది, కొందరికి ముందు అది. ఆరు నెలల తర్వాత చూస్తే సుమారు 80 శాతం మందిలో దిగులూ ఆందోళనా బాగా తగ్గి ఉన్నాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ రాస్ 29 మందితో చేసినదాంట్లోనూ దాదాపు ఇదే తేలింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆరు నెలలు గడిచేసరికి అందరికీ అసలు మందు అందిపోయింది. ఇక పోల్చి చూడ్డానికి ఎవరు మిగిలారు? దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. మామూలుగా మందు ట్రయల్‌లో తనకిచ్చింది అసలుదో ఉత్తుత్తిదో రోగికి తెలియకూడదు. బీపీ మాత్రతో అది సాధ్యమే. కళ్ళు మూసుకున్నా రంగులు కదిలే మందును ఎలా దాస్తాం? న్యూయార్క్ వాళ్ళు ఉత్తుత్తి మందుగా నియాసిన్ అనే విటమిన్ ఇచ్చారు. అది వేసుకుంటే మొహం వేడెక్కి ఎర్రబడుతుంది, ‘ఏదో ఎక్కుతోంది’ అనిపిస్తుంది. ఉపాయం బాగుంది గాని, అదెంతసేపు దాగుతుంది! పైగా ఆ ట్రయల్స్‌లో చేరినవాళ్ళు చాలావరకు చదువుకున్న తెల్లవాళ్ళు. కాబట్టి ‘80 శాతం’ చూసి చప్పట్లు కొట్టడం తొందరపాటే.

ఇబ్బందులూ లేకపోలేదు. హాప్కిన్స్‌లో గట్టి మోతాదు తీసుకున్నప్పుడు మూడింట ఒక వంతు మందికి బీపీ పెరిగింది. కొందరికి వాంతులు, కొందరికి ఆ కొన్ని గంటలూ తీవ్రమైన భయం. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు తమకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ ఉన్నవాళ్ళను ఇలాంటి ట్రయల్స్‌లో చేర్చుకోరు.

మందు సంగతి పక్కనపెట్టి నన్నడిగితే, ఇందులో అసలు సరుకు దాని చుట్టూ జరిగే మాటల్లో ఉందంటాను. క్యాప్సూల్ మింగే రోజుకు ముందు కొన్ని వారాలు ఆ ఇద్దరూ రోగితో గంటల తరబడి కూర్చుంటారు: బతుకు గురించి, పిల్లల గురించి, పోవడం గురించి. తర్వాతా మళ్ళీ కూర్చుంటారు. మేరీలాండ్‌లోనే మనీష్ అగ్రవాల్ అనే భారతీయ మూలాలున్న క్యాన్సర్ వైద్యుడు 30 మందిని జట్లుగా చేర్చి, ఈ మాటలన్నీ కలిసి మాట్లాడుకునేలా చేసి, 25 మిల్లీగ్రాములు ఒక్కసారే ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత వివరాలు దొరికిన 28 మందిలో 15 మందికి దిగులు తగ్గే ఉంది. పోల్చుకోవడానికి వేరే జట్టు లేదన్నది ఇక్కడా గుర్తుంచుకోవాలి.

మరి మన దగ్గర? పేషెంటుకు జబ్బు పేరు కూడా తెలియనివ్వం. ‘నాన్నకు చెప్పకండి డాక్టరు గారూ’ అని కొడుకు కారిడార్‌లోనే పట్టుకుంటాడు. లోపల మంచం మీద ఆయనకు అంతా అర్థమవుతూనే ఉంటుంది, పైకి అనడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ, ఒక్క మాటా మాట్లాడుకోకుండానే రోజులు గడిచిపోతాయి. సైలోసిబిన్ రేపే మన మందుల షాపుకొచ్చినా ఇలాంటి ఇంట్లో దాన్ని ఎలా వాడతాం?

వచ్చే సూచనా లేదు. మత్తుపదార్థాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది నిషిద్ధం. ఆ చట్టం వల్లే క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ కూడా ఏళ్ళ తరబడి దొరక్క జనం అల్లాడారు. 2014లో సవరించాక గాని దారి కాస్త తెరుచుకోలేదు. కొండల్లో దొరికే పుట్టగొడుగులతో సొంత వైద్యం మాత్రం వద్దు. జైలు సంగతి అటుంచి, విషపుట్టగొడుగు ఏదో గుర్తుపట్టడం మనవల్ల కాదు.

మన చట్టం ఒప్పుకునే సాయం వేరే ఉంది, వాడుకునేవాళ్ళే తక్కువ. నొప్పినీ భయాన్నీ చూసే వైద్యం పేరు పాలియేటివ్ కేర్. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అది ఉంది. రేపు ఓపీకి వెళ్ళినప్పుడు ‘పాలియేటివ్ వాళ్ళను కలవొచ్చా?’ అని మీరే అడగండి. చివరి దశ దాకా ఆగనక్కర్లేదు. రాత్రి మరీ భారంగా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.