ఎర్ర పేరు నీలమయ్యే చోటు: వికీలో వాడుకరి పేజీ నిర్మాణం

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసానికైనా ఉండే 'చరిత్ర' పుటను తెరిస్తే, ఆ వ్యాసంలో మొదటి అక్షరం పడిన నాటి నుంచి జరిగిన ప్రతి మార్పూ, దాని పక్కనే ఆ మార్పు చేసినవారి పేరూ వరుసగా కనిపిస్తాయి. ఆ పేర్లలో కొన్ని నీలంగానూ కొన్ని ఎర్రగానూ ఉండటం యాదృచ్ఛికం కాదు. వికీలో ఎర్ర లింకు అంటే ఆ పేరుతో పేజీ ఇంకా పుట్టలేదని, నీలం లింకు అంటే నొక్కితే తెరుచుకొనే పేజీ ఒకటి ఉందని అర్థం; కాబట్టి పేరు ఎర్రగా ఉన్న వ్యక్తి తన గురించి తోటివారికి ఇంకా ఏమీ చెప్పుకోలేదన్నమాట. అలా చెప్పుకోవడానికి కేటాయించిన చోటును తెలుగు వికీలో 'వాడుకరి పేజీ' అంటారు. ఒకప్పుడు దీన్ని 'సభ్యుడు' అనే మాటతో పిలిచేవారు.

వికీ అంటే చదివేవారే నేరుగా దిద్దగలిగిన పేజీల సముదాయం. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని నిర్మించి, హవాయి భాషలో 'త్వరగా' అని అర్థమిచ్చే 'వికీ' అన్న మాటను, హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి తీసుకొని, దానికి పెట్టాడు. 2001 జనవరిలో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. ఇక్కడ పనిచేసేవారిలో చాలామంది ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు, పనులు పంచిపెట్టే అధికారి ఉండడు, జీతాలు ఉండవు. అయినా ఒకరు రాసిన వాక్యాన్ని మరొకరు దిద్దుతూ ఉంటారు. ఆ దిద్దుబాటు ఎవరిది, ఆ విషయంలో వారికి ఆసక్తి ఎంత, సందేహం వస్తే ఎవరిని అడగాలి అనే ప్రశ్నలకు జవాబు దొరికే మొదటి చోటు వాడుకరి పేజీయే. అందువల్ల దీన్ని సామాజిక మాధ్యమాల్లోని సొంత గోడతో పోల్చడం పొరపాటు. పెళ్లివారింటి ముందు కట్టే స్వాగత తోరణం కన్నా, నాలుగు దారుల కూడలిలో ఊళ్ల పేర్లు రాసి పాతిన రాయికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఆ రాయి దగ్గరికి వచ్చేవారు ఎవరన్న దానిమీదే నిర్మాణమంతా ఆధారపడి ఉంటుంది. ఒక మార్పును చూసి దాని కర్తను వెతుక్కుంటూ వచ్చేవారు, అనువాదానికో బొమ్మలకో సాయం చేయగలవారి కోసం చూసేవారు, పని ఎలా మొదలుపెట్టాలో తెలియక అనుభవజ్ఞుల పేజీలను తిరగేసే కొత్తవారు, వీరంతా ఏదో ఒక్క ప్రశ్నతో వస్తారు, జవాబు దొరికితే వెళ్లిపోతారు. వీరందరికన్నా ఎక్కువసార్లు ఆ పేజీని తెరిచే మనిషి మాత్రం దాని సొంతదారే. సగంలో ఆగిన వ్యాసాలు, తరచుగా వాడే మూసలు (ఒకసారి తయారుచేసి ఎన్ని పేజీల్లోనైనా ఇమిడ్చుకోగలిగిన ముక్కలు), తిరిగి చూడవలసిన చర్చలు చేతికందేటట్టు ఉండవలసిన పనిబల్ల కూడా అదే కనుక, అతిథి చూసే వసారానూ ఇంటివారి కొట్టుగదినీ ఒకే చోట కలగలపకుండా విడివిడిగా అమర్చుకోవడంలోనే నేర్పంతా ఉంది.

అమరికకు ఆధారం మనిషి కన్ను పనిచేసే తీరు. కంటి వెనుక పొర అయిన రెటీనాలో, సూక్ష్మంగా చూడగలిగిన కేంద్రభాగం దృశ్యంలో సుమారు రెండు డిగ్రీల మేరనే అందుకొంటుంది. చేయి చాచి పట్టుకొన్న బొటనవేలి గోరు వెడల్పు ఇంచుమించు అంతే. తక్కినదంతా మసకగా అందే దృశ్యమే కాబట్టి, కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు ఒక చోటు నుంచి మరో చోటుకు గెంతుతూ పేజీని ముక్కలు ముక్కలుగా గ్రహిస్తుంది. తరువాతి గెంతు ఎక్కడికో నిర్ణయించేది ఆ మసక దృశ్యంలో కనిపించే గుంపులు, ఖాళీలు, ముదురు మచ్చలు. దగ్గరగా ఉన్నవాటిని మనసు ఒకే గుంపుగా భావిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో వివరించాడు. సంబంధం ఉన్నవాటి మధ్య తక్కువ ఖాళీ, సంబంధం లేనివాటి మధ్య ఎక్కువ ఖాళీ వదిలితే గీతలూ డబ్బాలూ లేకుండానే పేజీ విభాగాలుగా విడిపోతుందని దీనివల్ల తేలుతుంది. ప్రతి వాక్యానికీ ఒక రంగు డబ్బా కట్టిన పేజీలో ఈ గుణం పోతుంది. అన్నీ అరుస్తున్న చోట ఏదీ వినిపించదు.

గుంపు కనబడిన తరువాత, దానిలోకి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మాటల మీద ఆధారపడుతుంది. పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ అనే పరిశోధకులు 1990లలో, మనుషులు సమాచారాన్ని వెతికే తీరును జంతువులు మేత వెతికే తీరుతో పోల్చి ఒక సిద్ధాంతాన్ని రూపొందించారు. వాసనను బట్టి జంతువు ఒక పొదవైపు తిరిగినట్టే, లింకు మీది మాటలు లోపల ఏముందో ఎంత స్పష్టంగా సూచిస్తే అంత నమ్మకంగా పాఠకుడు దాన్ని నొక్కుతాడు. 'ఇక్కడ చూడండి', 'మరిన్ని' వంటి మాటలకు ఈ వాసన లేదు. 'గుంటూరు జిల్లా గ్రామాల వ్యాసాలు', 'అనువాదం కోసం ఎంచినవి' వంటివాటికి ఉంది. ఎంపికలు ఎన్ని ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది జార్జి మిల్లర్ 1956లో చెప్పిన 'ఏడుకు రెండు అటూ ఇటూ' అన్న లెక్కను వల్లిస్తారు గాని, అది ముఖ్యంగా తాత్కాలిక జ్ఞాపకశక్తికి సంబంధించినది. కళ్లెదుటే ఉన్న పట్టికను ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఇక్కడ ఎక్కువ ఉపయోగపడేది 1952లో విలియం హిక్ చూపిన సంబంధం. ఎంపికల సంఖ్య పెరిగినకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుంది, అయితే అది లాగరిథమ్ పద్ధతిలో, అంటే ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతుంది. కాబట్టి ఏడా తొమ్మిదా అన్న మీమాంస కన్నా, మాటలు ఒకదానితో ఒకటి గందరగోళపడకుండా చూసుకోవడం ముఖ్యం.

ఇలాంటి అమరికకు కావలసిన పనిముట్లను మీడియావికీయే ఇస్తుంది. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు పేరు అది. పేజీలో శీర్షికలు చేరితే విషయసూచిక దానంతట అదే పుడుతుంది. వాడుకరి పేరు తరువాత ఒక ఏటవాలు గీత పెట్టి మరో పేరు చేర్చితే 'ఉపపేజీ' తయారవుతుంది. రాసి చూసుకొనే ప్రయోగశాల, పనుల జాబితా, చేసిన అనువాదాలు ఇలా వేరువేరు ఉపపేజీల్లోకి వెళ్తే ముందు పేజీ తేలికపడుతుంది. ఉపపేజీలన్నింటినీ వరుసగా చూపే ప్రత్యేక పేజీ ఒకటి వికీలోనే ఉంది కాబట్టి, దాన్ని ముందు పేజీలో ఇమిడిస్తే చేత్తో జాబితా రాయవలసిన పని తప్పుతుంది. మొత్తం దిద్దుబాట్లు ఇన్ని అని అంకె వేసుకోవడం చాలామందికి సరదా. కానీ ఆ అంకె మరునాటికే పాతబడుతుంది. 'మార్పులు' పుటకు ఒక లింకు ఇస్తే అది ఎన్నటికీ పాతబడదు. ఇటువంటి లింకులను బ్రౌజరు చిరునామా నుంచి కాపీ చేయకుండా, రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పేజీ పేరు పెట్టి రాయాలి. తెలుగులో ప్రతి అక్షరసంకేతానికీ కంప్యూటరు మూడు బైట్లు వాడుతుంది, చిరునామాలో ఒక్కో బైటు మూడు గుర్తులుగా విడిపోతుంది; 'వాడుకరి' అనే మాటలో ఏడు సంకేతాలున్నాయి కనుక అది చిరునామాలో 63 గుర్తుల పొడవు తేలుతుంది.

సాయం వెతుక్కుంటూ వచ్చేవారికి అన్నిటికన్నా ఉపయోగపడేది భాషల పెట్టె. బైబిలు కథలోని గోపురం పేరిట దీన్ని 'బాబెల్' అంటారు. రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఈ మాట, భాషల సంకేతాలు రాస్తే, ఏ భాష ఎంతవరకు వచ్చునో సున్నా నుంచి ఐదు వరకు అంకెలతోనూ, మాతృభాషను వేరే గుర్తుతోనూ చూపే పెట్టె తయారవుతుంది. పైగా ఆ వ్యక్తి ఆయా భాషలు తెలిసినవారి వర్గంలోకి చేరుతాడు. ఒరియా, కన్నడం, ఉర్దూ చదవగలిగినవారి కోసం వెతికే తెలుగు వికీ రచయితకు ఈ వర్గమే తోవ చూపుతుంది. ఇదే తరహాలో ఆసక్తులనూ వృత్తినీ చెప్పే చిన్న పెట్టెలు ఎన్నో ఉన్నాయి. వీటి చుట్టూ 2006లో ఆంగ్ల వికీపీడియాలో పెద్ద రగడ జరిగింది. మత, రాజకీయ అభిప్రాయాలను చాటే పెట్టెలను కొందరు తొలగించడం, మరికొందరు ప్రతిఘటించడం సాగి, చివరకు జర్మన్ వికీపీడియా బాటలో వాటిని మూసల విభాగం నుంచి వాడుకరుల సొంత పేజీల్లోకి తరలించడంతో వేడి చల్లారింది. నలభై పెట్టెలు పేర్చిన పేజీ అలంకారంగా ఉండవచ్చు గాని, వాటిలో సహరచయితకు పనికివచ్చేవి సాధారణంగా మూడో నాలుగో.

రంగుల విషయంలో అభిరుచికన్నా లెక్క నమ్మదగినది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణాల ప్రకారం అక్షరాల వెలుగుకూ నేపథ్యం వెలుగుకూ మధ్య నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3 చాలు. తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలకు ఇది 21. కన్ను మూడు మూలవర్ణాలనూ సమానంగా గ్రహించదు. తెరమీది తెలుపు వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 71.5 శాతం, ఎరుపుది 21.3, నీలానిది 7.2 శాతం. ఆ లెక్కన తెలుపు మీద స్వచ్ఛమైన నీలానికి నిష్పత్తి 8.6 దాకా వస్తుంది, ఎరుపుకు 4 మాత్రమే, మిరుమిట్లు గొలిపే ఆకుపచ్చకు 1.4, పసుపుకు 1.07. పసుపు అక్షరాలు తెల్లకాగితం మీద కొబ్బరినీళ్లతో రాసిన రాతతో సమానమని ఈ అంకె చెబుతోంది. మరొక చిక్కు 2024 నుంచి వికీపీడియాలో అందుబాటులోకి వచ్చిన చీకటి రూపం వల్ల ఏర్పడింది. నేపథ్యానికి లేత రంగు నిర్ణయించి అక్షరాల రంగును మాత్రం వదిలేసిన పాత పేజీల్లో, ఈ రూపంలో అక్షరాలు తెల్లబడి లేత నేపథ్యంలో కలిసిపోవచ్చు. ఒక రంగు చెబితే రెండోదీ చెప్పి తీరాలి.

తెలుగు లిపికి తనవైన అవసరాలున్నాయి, ఇంగ్లీషు పేజీల నమూనాలను ఎత్తి తెచ్చుకొన్నప్పుడు దెబ్బతినేవి ఇవే. తెలుగులో అక్షరం పైకి గుడి, కిందికి ఒత్తులు పెరుగుతాయి. 'రాష్ట్రం' వంటి మాటలో ఒక హల్లు కింద రెండు ఒత్తులు చేరతాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి ఎత్తు బిగించిన డబ్బాలో ఆ ఒత్తుల అడుగు తెగిపోతుంది. ఎత్తు బిగించకుండా వదిలి, వరుసల మధ్య దూరం కాస్త పెంచడమే దీనికి మందు. సంధులతోనూ విభక్తులతోనూ తెలుగు మాటలు పొడవుగా సాగుతాయి కనుక, ఇరుకు మీటల మీద 'వ్యాసాలు', 'బొమ్మలు', 'చర్చ' వంటి పొట్టి మాటలే ఇముడుతాయి. చిన్న సైజులో బొద్దు అక్షరాలు వాడితే సున్నాలూ వంపులూ పూడుకుపోయి ముద్దగా మారతాయి. ఫోనులో చూసేవారి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వెడల్పును పిక్సెళ్లలో బిగించిన మూడు నిలువు వరుసల పట్టిక ఫోను తెరమీద పక్కకు పొంగిపోతుంది. చోటు చాలనప్పుడు ఒకదాని కిందికి ఒకటి జారేటట్టు రాసిన అమరిక అన్నిచోట్లా నిలుస్తుంది.

పేజీ సొంతమే అయినా స్థలం సమాజానిది. స్వేచ్ఛానుమతి లేని బొమ్మలను, అంటే సినిమా పోస్టర్లు, సంస్థల చిహ్నాలు వంటివాటిని, వ్యాసంలో పరిమితంగా అనుమతించినా వాడుకరి పేజీలో అనుమతించరు. సగంలో ఉన్న వ్యాసం చిత్తుప్రతిలో వర్గాల పేర్లు అలాగే వదిలితే, అది అచ్చమైన వ్యాసాల సరసన పాఠకుడికి కనబడుతుంది. వర్గం ముందు ఒక కోలన్ గుర్తు పెడితే ఆ ఇబ్బంది ఉండదు. 'మీకు కొత్త సందేశాలున్నాయి' అని వికీ పెట్టే గమనికను అచ్చుగుద్దినట్టు అనుకరించి సందర్శకులను ఆటపట్టించే పాత అలవాటును ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకాలు వద్దంటున్నాయి, సబబే. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది వ్యక్తిగత వివరాల విషయంలో. ఫోను నంబరో ఇంటి చిరునామానో ఒకసారి రాసి తరువాత చెరిపేసినా, పేజీ చరిత్రలోని పాత కూర్పులో అది ఎవరికైనా కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని మరుగుపరచాలంటే ప్రత్యేక అధికారాలున్న కొద్దిమందిని కోరవలసి వస్తుంది. మెయిలు చిరునామాను పేజీలో రాయకుండానే ఇతరులు మెయిలు పంపగలిగే సదుపాయం వికీలో ఉంది.

చాలా భాషల వికీల్లో పనిచేసేవారు వికీపీడియా, దాని సోదర ప్రాజెక్టులు కలిసిన వికీమీడియాకు ఉమ్మడి సమన్వయ వేదికైన మెటా వికీలో ఒక్క పేజీ తయారుచేసుకొంటే, సొంత పేజీ లేని ప్రతి వికీమీడియా వికీలోనూ అదే కనిపిస్తుంది, పేరూ నీలంగా మారుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు నచ్చిన పేజీ ఏదైనా తారసపడితే దాని మూలపాఠాన్ని తెరిచి, అమరికను తమ ప్రయోగశాలలోకి తెచ్చుకొని మార్చి చూసుకోవచ్చు. వికీలోని పాఠ్యమంతా స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నదే కాబట్టి విడిగా అనుమతి అడగనక్కరలేదు; ఎవరి పేజీ నుంచి తెచ్చుకొన్నారో మార్పును భద్రపరిచేటప్పుడు నింపే దిద్దుబాటు సారాంశంలో ఒక లింకుతో రాస్తే సరిపోతుంది.