హనుమకొండలో వానాకాలం, పొడికాలం: వర్షాధార పత్తికి నేల తేమే కొలమానం

కోపెన్ వర్గీకరణ ప్రకారం ఉష్ణమండల సవన్నా శీతోష్ణస్థితికి రెండు లక్షణాలు ముఖ్యం. అత్యంత చలి నెలలో సైతం సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గదు. అత్యంత పొడి నెలలో వర్షపాతం 60 మి.మీ. దాటదు. హనుమకొండకు ఈ రెండూ వర్తిస్తాయి. ఏటా 1000 మి.మీ.కు అటూ ఇటూగా కురిసే వర్షంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్-సెప్టెంబరు మధ్యనే పడుతుంది.

అయితే పంటకు వానాకాలం జూన్ ఒకటిన మొదలు కాదు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం ప్రకారం, వాతావరణం కోరే బాష్పీభవన, బాష్పోత్సేకాల మొత్తంలో కనీసం సగాన్ని వర్షం తీర్చగలిగిన నాటి నుండే పంటకాలం లెక్కకు వస్తుంది. రోహిణి ఎండల వేడి తగ్గని మృగశిర కార్తె తొలి రోజుల్లో ఆ అవసరం చాలా ఎక్కువ. రెండు జల్లులకే పత్తి గింజ వేస్తే మొలక వస్తుంది. ఆపై పది పదిహేను రోజులు వాన వెనుకపట్టు పడితే మొలక మాడిపోతుంది. 2025-26లో బీటీ పత్తి విత్తన పొట్లం గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు పొట్లాలు వాడే రైతు మళ్లీ విత్తితే విత్తనానికే 1800 రూపాయలు అదనపు భారం, కూలి వేరు. తేలిక నేలల్లో 50-60, బరువు నేలల్లో 60-75 మి.మీ. వర్షం పడి, నేల 15-20 సెం.మీ. లోతు తడిసిన తరువాతే విత్తాలనే సిఫారసు వెనుక ఉన్న లెక్క ఇదే.

మొలక నిలదొక్కుకున్న తరువాత నిర్ణాయకం నేల. చల్క నేలలో వేరు మండలంలో 60 మి.మీ., నల్లరేగడిలో 150 మి.మీ. లభ్య తేమ ఉందనుకుందాం. అందులో సగం తరిగేసరికి పంట బెట్టకు గురవుతుందని, రోజుకు 4.5 మి.మీ. వాడుకుంటుందని తీసుకుంటే చల్కలో పైరు ఆరేడు రోజులు, రేగడిలో పదహారు రోజులు తట్టుకుంటుంది. అంటే ఒకే ఊరిలో, ఒకే వానకు, గట్టుకు ఇటు పొడికాలం వచ్చేసినా అటు వానాకాలం సాగుతూనే ఉంటుంది.

మొత్తం వర్షపాతం ఈ తేడాను దాచేస్తుంది. పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో 649.8 మి.మీ. నమోదైంది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశవ్యాప్త రికార్డుల్లో 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టు, తెలంగాణలోనూ లోటే. వరద నీరు వాగులకు పోయింది గాని వేరు మండలంలో నిలువలేదు. (కాకతీయులు రామప్ప, పాకాల చెరువులు తవ్వించినది ఇటువంటి నీటి కోసమే.) వాతావరణ శాఖ సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్నంతవరకు వర్షాన్ని ‘సాధారణం’గానే పరిగణిస్తుంది. జిల్లా పట్టికలో ఆ మాట కనిపించిన ఏడాది కూడా చల్క నేలల పత్తిలో పూత, పిందె రాలిపోవచ్చు.

కాబట్టి మండల స్థాయి సలహాలో వర్షపాత శాతంతో పాటు చివరి మంచి వాన పడి ఎన్ని రోజులైందో, నేల రకాన్ని బట్టి ఇంకెన్ని రోజుల తేమ మిగిలి ఉందో చెప్పడం అవసరం. చల్కల్లో నాలుగైదు సాళ్ళకొకటిగా గొడ్డు సాలు తీయడం, గుంటకతో పైమట్టిని గుల్లపరచడం, వీలుంటే నీటి కుంట నుండి ఒక రక్షక తడి ఇవ్వడం ఆ గడువును కొంత పొడిగిస్తాయి. అక్టోబరు తరువాత రేగడిలో నిల్వ తేమతో శనగ వేసుకోవచ్చు. చల్కలో మాత్రం యాసంగి పంట బావినో, చెరువునో చూసుకునే వేయవలసి ఉంటుంది.