నాణెముల పలుకు

మెటల్ డిటెక్టరును చేతబట్టినంతనే భూమిలోని నాణెములు దొరకునని కొందరు తలంతురు. మేమును మొదట నట్లే తలంచితిమి. దాని యడుగునందలి తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంతక్షేత్రమును పుట్టించును. మంటిలోని లోహము దానికి బదులు పలుకగా యంత్రము మ్రోగును. మ్రోగించుట సులభము, మ్రోతను తెలిసికొనుటయే కష్టము.

మేము పెరటిలో ఇనుపమేకును, వెండిరూపాయిని, పలుచని బంగారుటుంగరమును వేర్వేరుగా పాతి అభ్యాసము చేసితిమి. మేకునకు బొంగురుధ్వని, రూపాయికి సన్నని నాదము, ఉంగరమునకు నడిమిస్వరము వినవచ్చెను. నేలలోని అల్యూమినియపు రేకుముక్కల రొద పడలేక, వానిని విడిచిపెట్టునట్లు మీట త్రిప్పితిమి. అంతట ఉంగరము సయితము మూగవోయెను! యంత్రము వస్తువు విలువ నెరుగదు. లోహమున విద్యుత్తు పారు తీరునే యెరుగును. చెత్తను వలదన్నచో బంగారమును పోవచ్చును. కావున అన్నిటిని ఓపికతో వినుట మొదటి పాఠము.

ఆగుట రెండవది. 1992లో ఇంగ్లండునందలి హాక్సన్ గ్రామమున ఎరిక్ లాస్ అనునాతడు, ఒక రైతు పోగొట్టుకొనిన సుత్తిని వెదకుచు రోమక నాణెములను కనుగొనెను. అంతట త్రవ్వుట మాని అధికారులకు తెలిపెను. పురావస్తు శాస్త్రజ్ఞులు నెమ్మదిగా త్రవ్వగా సుమారు 15,000 నాణెములును, బంగారునగలును, వానిని దాచిన పెట్టె జాడలును బయల్పడెను. ఆ సుత్తియు బ్రిటిష్ మ్యూజియమునకే చేరినది.

మనదేశమునను 1878వ సంవత్సరపు చట్టము ప్రకారము, పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలయును. అమ్మలారా, పెరటిలో పాతకుండ తగిలినచో గడ్డపార నాపుడు. నాణెము చెప్పు కథలో సగము అది యున్నచోటనే యుండును.