వంటింటిలో జీవరసాయన శాస్త్రము – ఇంటి బీరు తయారీ

బవేరియా ప్రభువులు 1516 వ సంవత్సరములో ఒక శాసనము చేసిరి. బీరు తయారుచేయుటకు బార్లీ, హాప్స్ అను పువ్వులు, నీరు, ఈ మూడు తప్ప వేరొక వస్తువును వాడరాదని అందులోని నిబంధన. ఈ మూడింటిని కలిపి కాచి, గాలి చొరకుండ మూసి ఉంచినచో, ఎన్ని దినములైనను అది బీరు కాదు. తీపిగను, చేదుగను ఉండు కషాయముగనే నిలిచిపోవును. దానిని బీరుగా మార్చునది నాల్గవ వస్తువు. ఆ వస్తువు పేరు శాసనములో లేదు. పాత్ర అడుగున పేరుకొను మడ్డిని మరుసటి తడవకు వాడుకొనుట ఆనాటి తయారీదారులు ఎరుగుదురు. ఆ మడ్డికి ప్రాణము కలదని మాత్రము ఎవ్వరును ఎరుగరు. అదియే ఈస్టు.

అమెరికా, బ్రిటను మున్నగు దేశములలో నేడు ఎందరో సామాన్య గృహస్థులు సెలవు దినములలో వినోదముగా ఇంటిలోనే బీరు తయారుచేసికొనుచున్నారు. ఇరువది, ఇరువదియైదు లీటర్ల పాత్ర, థర్మామీటరు, హైడ్రోమీటరు, మూతగల డబ్బా, రబ్బరు గొట్టము, కొన్ని సీసాలు – వారి సామగ్రి ఇంతే. వారు పాటించు నియమములు చూచుటకు వంట సూత్రములవలె కనబడును. కాని వానిలో ఒక్కొక్కటి శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి వాదించుకొని తేల్చిన ప్రశ్నకు సమాధానము. ఆ నియమముల వెనుకనున్న శాస్త్రమేమో పరిశీలింతము.

చట్టము

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలులో ఉండెను. నిషేధము తొలగిన పిదప ఇంటిలో వైను చేసికొనుటకు అనుమతి లభించినది గాని బీరునకు లభింపలేదు. 1978 అక్టోబరు 14 న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకము చేసిన చట్టముతో ఆ భేదము తొలగినది. ఒక వయోజనుడు సంవత్సరమునకు 100 గేలన్లు, ఇద్దరు లేక అంతకు మించి వయోజనులున్న ఇంటిలో 200 గేలన్లు, అనగా సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండ తయారుచేసికొనవచ్చును, అమ్మరాదు. సారా కాచుటకు మాత్రము ఈ చట్టము అనుమతి ఈయలేదు. ఆయా రాష్ట్రములు కూడ వేరుగా అంగీకరింపవలసి యుండుటచేత, దేశమంతట ఇది చట్టసమ్మతమగుటకు 2013 వరకు పట్టినది. కొలరాడో రాష్ట్రములోని బౌల్డరు పట్టణమున చార్లీ పపాజియన్ అను ఉపాధ్యాయుడు ఈ విద్యను పదిమందికి నేర్పుచు, 1978 లోనే ఒక మిత్రునితో కలసి ఇంటి బీరు తయారీదారుల సంఘమును స్థాపించెను. బ్రిటనులో 1880 నుండి ఇందుకు లైసెన్సు అవసరమై యుండెను. 1963 లో ఆ నియమమును ఎత్తివేసిరి.

మన తెలుగు రాష్ట్రములలో 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఏ మద్యమును తయారుచేయరాదు. కనుక పాఠకులు ఈ వ్యాసము నుండి గ్రహింపవలసినది అందలి శాస్త్రమునే గాని, చేసి చూచుట కాదు.

మొలక చేయు పని

తాటిచెట్టుకు కట్టిన ముంతలో కల్లు కొన్ని గంటలలోనే పొంగుట పల్లెవాసులందరు ఎరుగుదురు. ఆ రసములో చక్కెర సిద్ధముగా ఉండును. గాలిలోను, ముంతలోను ఉన్న ఈస్టు వెంటనే దానిని తినుటకు ఆరంభించును. బార్లీ గింజలో ఇట్లు కాదు. అందులో ఉన్నది పిండిపదార్థము. గ్లూకోజు అణువులు వందలు, వేలు గొలుసువలె కూడి ఏర్పడినదే పిండిపదార్థము. బీరు ఈస్టు ఆ గొలుసును త్రుంచలేదు.

గింజకు కూడ ఈ చిక్కే కలదు. లోపలి పిండి మొలకకు ఆహారముగా దాచబడినది. దానిని కరిగించినగాని మొలకకు అందదు. అందువలన గింజ తడిసి మొలకెత్తునప్పుడు, గొలుసును త్రుంచు ఎంజైములను తయారుచేయును. బార్లీని నానబెట్టి, కొన్ని దినములు మొలకెత్తనిచ్చి, వేడిగాలిలో ఆరబెట్టుదురు. మొలక ఆగిపోవును; ఎంజైములు నిలిచియుండును. ఇదియే మాల్టు.

మన ఇండ్లలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసరి, ఆ పిండితో పసిపిల్లలకు జావ కాచుట వాడుక. మొలకెత్తని రాగుల జావకన్న ఈ జావ పలుచగను, కొంచెము తియ్యగను ఉండును. మొలకలోని ఎంజైము పిండిని కొంతవరకు త్రుంచుటయే దీనికి కారణము. 1833 లో పాయెన్, పెర్సోజ్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు మాల్టు రసము నుండి ఈ శక్తిగల పదార్థమును వేరుచేసి దానికి 'డయాస్టేస్' అని పేరిడిరి. వేరుచేయబడిన ఎంజైములలో ఇదియే మొదటిది. తరువాత కనుగొన్న ఎంజైముల పేర్లకు చివర 'ఏస్' అను ప్రత్యయము చేర్చుట దీనినుండియే వచ్చినది.

మూడు డిగ్రీల తేడా

ఇరువది లీటర్ల బీరునకు సుమారు నాలుగున్నర కిలోల మాల్టును పగులగొట్టి, వేడినీటిలో కలిపి, 65 నుండి 68 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య ఒక గంటసేపు ఉంచుదురు. థర్మామీటరు ఇచ్చట ఎందుకింత ముఖ్యము? మాల్టులో ప్రధానముగా రెండు ఎంజైములు కలవు. బీటా అమైలేస్ గొలుసు చివరనుండి రెండేసి గ్లూకోజు అణువులను, అనగా మాల్టోజు చక్కెరను, త్రుంచుచు పోవును. ఇది 60–65 డిగ్రీలవద్ద చురుకుగా పనిచేసి, 70 దాటినచో త్వరలో నశించును. ఆల్ఫా అమైలేస్ గొలుసును మధ్యలో ఎక్కడబడిన అక్కడ త్రుంచును. ఇది 70 డిగ్రీలవద్ద కూడ పనిచేయును.

కనుక వేడి కొంచెము తక్కువైనచో మాల్టోజు ఎక్కువగును; ఈస్టు దానిని తిని ఆల్కహాలుగా మార్చును; పానీయము పలుచనగును. వేడి కొంచెము హెచ్చినచో ఈస్టు తినలేని పొడవైన ముక్కలు, అనగా డెక్స్‌ట్రిన్లు, మిగులును. పానీయము చిక్కగను, ఆల్కహాలు తక్కువగను ఉండును. ఒకే మాల్టు, ఒకే నీరు. మూడు నాలుగు డిగ్రీల తేడాతో ఫలితము మారును.

పని ముగిసినదో లేదో తెలిసికొనుటకు హైస్కూలు విద్యార్థులు ఎరిగిన పరీక్షయే చాలును. తెల్లని పింగాణీ పళ్లెములో ఒక బొట్టు వేసి, అయొడిన్ చుక్కను చేర్చుదురు. నీలి నలుపు రంగు వచ్చినచో పిండి ఇంకను మిగిలియున్నది. అయొడిన్ తన రంగుననే యుండినచో పిండి అంతయు మారినట్లు. పిదప వడకట్టి తీయు తీపి ద్రవమును 'వర్టు' అందురు. మిగిలిన పిప్పి పశువులకు మేత.

చేదు వెనుక రక్షణ

ఈ వర్టును సుమారు గంటసేపు మరిగించుదురు. మరుగునప్పుడు నలుబది, ఏబది గ్రాముల హాప్స్ వేయుదురు. హాప్స్ తీగమొక్క. దీని ఆడపువ్వులలో ఆల్ఫా ఆమ్లములను పదార్థములు కలవు. మరుగుటచేత వాని అణువుల అమరిక మారి, అవి నీటిలో కరగి చేదును ఇచ్చును. ఆ చేదు రుచికొరకు మాత్రమే కాదు. పానీయమును పులియబెట్టి పాడుచేయు లాక్టోబాసిల్లస్ మున్నగు బాక్టీరియాలను అది అణచియుంచును. మరిగించుటచేత ఎంజైముల పని నిలిచిపోవుటయేగాక, అందలి సూక్ష్మజీవులు కూడ చచ్చును.

తరువాత రాగి గొట్టపు చుట్టను వర్టులో ముంచి, గొట్టము గుండ చన్నీరు పారించి, ద్రవమును అరగంటలోపల 20 డిగ్రీలకు చల్లార్చుదురు. కాచిన పాలకు తోడు వేయు గృహిణి ఈ అవసరమును సులభముగా గ్రహింపగలదు. పాలు మరుగుచుండగా తోడు వేసినచో తోడు చచ్చును. చల్లారిన పాలను తోడు వేయక చాలసేపు విడిచినచో మరేదియో సూక్ష్మజీవి ప్రవేశించి విరుగగొట్టును. వర్టునకు ఈస్టు అట్టి తోడు. అది ముందుగా ప్రవేశించి స్థలమును ఆక్రమింపవలెను. అందుచేతనే మరిగించిన పిదప వర్టును తాకు ప్రతి పాత్రను, గొట్టమును, గరిటెను క్రిమిరహితము చేయుదురు.

మడ్డికి ప్రాణము కలదా?

ఈ శుభ్రత నియమము ఊరక వచ్చినది కాదు. 1680 లో హాలెండు దేశీయుడైన లీవెన్‌హుక్ పులియుచున్న బీరును సూక్ష్మదర్శినిలో చూచి చిన్న గుండ్రని రేణువులను గమనించెను. 1837 ప్రాంతమున ఫ్రాన్సులో కాన్యార్ ద లా టూర్, జర్మనీలో ష్వాన్, క్యుట్సింగ్, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, అవి సజీవములని చెప్పిరి. ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన లీబిగ్ దీనిని ఒప్పుకొనలేదు. పులియుట కేవలము రసాయనిక విచ్ఛిత్తి యని, ప్రాణముతో పనిలేదని ఆయన వాదము.

లూయీ పాస్టర్ 1857 నుండి చేసిన ప్రయోగములు జీవవాదమును బలపరచినవి. 1871 లో ఆయన లండనులోని విట్‌బ్రెడ్ బీరు కర్మాగారమునకు పోయి, అచ్చటి ఈస్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో కలసియున్న ఇతర సూక్ష్మజీవులను చూపి, బీరు చెడుటకు అవియే కారణమని చెప్పెను. వారము తిరుగక ముందే ఆ సంస్థవారు ఒక సూక్ష్మదర్శినిని కొనిరి. 1883 లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్, ఒకే ఒక ఈస్టు కణమునుండి వంశమును పెంచు పద్ధతిని సాధించెను. నేడు ఇంటి తయారీదారుడు అంగడిలో కొను చిన్న పొట్లములో ఉన్నది అట్టి శుద్ధ వంశమే. అందులోని ఒక్క గ్రాములో వందల కోట్ల కణములుండును.

వాదము అంతటితో ముగియలేదు. 1897 లో ఎడ్వర్డ్ బుక్‌నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, కణములు లేని రసమును తీసి చక్కెరలో కలిపెను. ఆ రసము కూడ చక్కెరను పులియజేసినది! పులియజేయు ఎంజైములను తయారుచేయునది జీవకణమే; తయారైన పిదప అవి కణము వెలుపల కూడ పనిచేయును. ఈ విధముగా ఇరుపక్షముల మాటలోను కొంత సత్యము తేలినది. బుక్‌నరునకు 1907 లో నోబెల్ బహుమతి లభించినది.

హైడ్రోమీటరు లెక్క

180 గ్రాముల గ్లూకోజునుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డై ఆక్సైడు) ఏర్పడును. కొంత వేడి కూడ పుట్టును. అందుచేత డబ్బాలోని ద్రవము గదికన్న కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉండును. 'ఏల్' రకము ఈస్టునకు 18–22 డిగ్రీలు అనుకూలము. అంతకు మించినచో ఈస్టు తొందరపడి, వాసనను చెడగొట్టు ఇతర ఆల్కహాలులను కూడ పుట్టించును.

పులియుట ఎంతవరకు సాగినదో హైడ్రోమీటరు చెప్పును. పాలలో నీటిని పట్టుకొను లాక్టోమీటరు వంటిదే ఇది. చక్కెర కరగిన ద్రవము నీటికన్న బరువు. ఆల్కహాలు నీటికన్న తేలిక. ఆరంభములో విశిష్ట గురుత్వము 1.048, చివర 1.012 అయినదనుకొందము. తేడా 0.036. దీనిని 131 చేత గుణించినచో ఘనపరిమాణములో ఆల్కహాలు శాతము సుమారుగా వచ్చును: 4.7. చివరి గురుత్వము 1.000 వరకు దిగకపోవుటకు ముఖ్య కారణము ఈస్టు తినలేని డెక్స్‌ట్రిన్లే.

సీసా ఎందుకు పగులును?

పులియుట ముగిసిన బీరులో నురుగు చాలదు. సీసాలలో పోయుటకు ముందు లీటరునకు సుమారు ఆరు గ్రాముల చక్కెర కలుపుదురు. మిగిలియున్న ఈస్టు దానిని తిని విడుచు వాయువు, మూత బిగించియుండుటచేత, ద్రవములో కరగియుండును. ఇరువది లీటర్లకు 120 గ్రాముల చక్కెర. దీనినుండి సుమారు 60 గ్రాముల వాయువు పుట్టును. గది ఉష్ణోగ్రతలో, సామాన్య పీడనములో ఇది 30 లీటర్లకు మించిన వాయువు. ఇంత వాయువును సీసాలు భరింపగలవు.

కాని తొందరపడి, పులియుట ముగియకముందే సీసాలలో పోసినచో, లీటరునకు మరి ఎనిమిది, పది గ్రాముల చక్కెర లోపలనే మిగిలియుండవచ్చును. అప్పుడు వాయువు రెండింతలకు మించును; గాజుసీసా పేలి గాయములు కలుగును. కనుక రెండు మూడు దినములు వరుసగా హైడ్రోమీటరు ఒకే అంకెను చూపినగాని సీసాలు నింపరాదని నియమము. బుడగలు ఆగినవను కంటి సాక్ష్యమును వారు నమ్మరు, కొలతను నమ్ముదురు.

ఇచ్చట మరియొక సంగతి చెప్పవలెను. ఆల్కహాలు ఈస్టు విసర్జించు వ్యర్థపదార్థము. ఒక మేరకు మించి పోగైనచో అది ఈస్టునే చంపును. మద్యపానీయములు మానవులలో కాన్సరును కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988 లోనే నిర్ణయించినది. ఇంటిలో శుభ్రముగా చేసినంతమాత్రమున ఈ గుణము మారదు.

తరగతి గదిలో

మద్యముతో పనిలేకుండ ఈ పాఠమును రెండు ప్రయోగములతో బోధింపవచ్చును.

మొదటిది: పలుచని గంజిని మూడు పరీక్షనాళికలలో పోయవలెను. ఒకదానిలో మొలకెత్తిన రాగుల పిండిని నానబెట్టి వడకట్టిన నీటిని, రెండవదానిలో మొలకెత్తని రాగుల నీటిని, మూడవదానిలో మొలకల నీటినే బాగుగా మరిగించి చల్లార్చి కలుపవలెను. మూడింటిని 55–60 డిగ్రీల వేడినీటిలో ఉంచి, ఐదేసి నిమిషములకు ఒక్కొక్క బొట్టు తీసి, చల్లారిన పిదప అయొడిన్‌తో పరీక్షింపవలెను. నీలిరంగు ఏ నాళికలో ముందుగా తగ్గినదో, మరిగించినదానిలో ఎందుకు తగ్గలేదో విద్యార్థులచే చెప్పింపవలెను.

రెండవది: మూడు సీసాలలో సమానముగా చక్కెర నీటిని పోసి, రొట్టెలకు వాడు ఈస్టును ఒక్కొక్క చెంచా వేయవలెను. ఒక సీసాను మంచునీటిలోను, ఒకదానిని 35 డిగ్రీల గోరువెచ్చని నీటిలోను ఉంచవలెను. మూడవదానిలో వేయు ఈస్టును ముందుగా మరిగించి చల్లార్చవలెను. మూతలకు బదులు రబ్బరు బుడగలు తొడిగి, గంట తరువాత ఏ బుడగ ఉబ్బినదో చూడవలెను. ఉబ్బిన బుడగలోని వాయువును సున్నపు తేటలోనికి పంపినచో అది పాలవలె తెల్లనగును. సీసాలకు బిరడాలు మాత్రము బిగింపరాదు. కారణమును విద్యార్థులే చెప్పగలరు.

మరిగించిన ఈస్టు ఊరకుండుటను చూచిన పిదప, పాస్టర్, లీబిగ్‌ల వాదమును తరగతి ముందుంచి, ఈ ఒక్క ప్రయోగముతో అది తీరునా యని అడుగవలెను. తీరదు. వేడిచేత ప్రాణము పోవును, ఎంజైమును చెడును. ఈ రెండింటిలో ఏది కారణమో మరిగించి చూచుటచేత తెలియదు. కణములు లేని రసము ఆవశ్యకమైనది అందుకే. బుక్‌నర్ ఇసుకతో ఈస్టును ఎందుకు నూరవలసివచ్చెనో అప్పుడు విద్యార్థులకు తెలియును.