గేదెకు ముందు గ్రాసం: విత్తనంతో స్టైలో సాగు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి నివాసం నిన్నటిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలు ఉద్యోగాల నిమిత్తం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. 2003 నుండి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం. ఉద్యోగ విరమణ తరువాత శివార్లలో ఎకరమో, రెండెకరాలో మెట్ట నేల తీసుకొని, రెండు పాడి పశువులను పెంచుకోవాలని మీరు తలపోస్తూ ఉండవచ్చు.

పశువు కొనుగోలుకు బ్యాంకు ఋణం లభిస్తుంది. అయితే ఆ ఋణ వాయిదాను తీర్చేది పశువు ముందు వేసే మేత. వరిగడ్డి మీద, కొన్న దాణా మీద మాత్రమే ఆధారపడితే, పాల రాబడిలో అధిక భాగం దాణా కొట్టుకే చేరుతుంది. కాబట్టి గేదె కంటే ముందు గ్రాసాన్ని సిద్ధపరచుకోవడం వివేకం.

భాటా నేలకు తగిన మొక్క

ఛత్తీస్‌గఢ్ రైతులు ఎర్రని గులకతో కూడిన ఎత్తు నేలను ‘భాటా’ అంటారు. అందులో నీరు నిలువదు, సారం తక్కువ, వరి పండదు. అటువంటి నేలను కప్పుకొని పెరిగే పప్పుజాతి పశుగ్రాసం స్టైలో. ఇది ఒకసారి నాటుకుంటే కొన్నేళ్ళపాటు నిలుస్తుంది. ఆమ్ల గుణం, భాస్వరపు లోపం ఉన్న నేలలను సైతం తట్టుకుంటుంది. దీని వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా ఈ మొక్క కాపాడుతుంది. నీరు నిలిచే వరి మడులకు మాత్రం ఇది పనికిరాదు.

ఇందులో హమాటా, స్కాబ్రా అను రెండు రకాలు ముఖ్యమైనవి. హమాటా పొట్టిగా నేల మీద పరచుకొంటుంది. మొక్క ఆయుష్షు రెండు మూడేళ్ళే అయినా, రాలిన గింజలు మళ్ళీ మొలుస్తాయి. స్కాబ్రా లోతుగా వేరూని, వర్షాలు వెనుదిరిగాక కూడా చాలాకాలం పచ్చగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1970వ దశకంలో టౌన్స్‌విల్ స్టైలో అను ఏకవార్షిక రకం ఆంత్రాక్నోస్ తెగులుకు తుడిచిపెట్టుకుపోయింది. ఒకే రకాన్ని నమ్ముకోక, రెండింటినీ కలిపి చల్లడం మేలని ఆ అనుభవం చెబుతుంది.

విత్తనం మొలవకపోవడానికి కారణం

‘విత్తనం నకిలీది, మొలవలేదు’ అని స్టైలో వేసినవారు అనడం కద్దు. చాలా సందర్భాలలో దోషం విత్తనంలో ఉండదు. దీని పైపొర గట్టిది, నీటిని లోనికి రానీయదు. ఆ పొరను మెత్తబరచకుండా చల్లిన గింజలలో అధిక భాగం నేలలో అలాగే పడి ఉంటాయి.

అందుకు వేడినీటి శుద్ధి అవసరం. 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల నీటిలో విత్తనాన్ని 4 నిమిషాలు ఉంచాలి. ఉష్ణమాపకం లేకున్నా చింత లేదు. మూడు పాళ్ళు మరుగుతున్న నీటికి ఒక పాలు చన్నీరు కలిపితే ఇంచుమించు ఆ వేడి వస్తుంది. విత్తనం కంటే నీరు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి, లేనిచో వేడి త్వరగా తగ్గిపోతుంది. 4 నిమిషాలకు మించి ఉంచరాదు, ఉంచితే మొలక చస్తుంది. పిమ్మట చన్నీటిలో రాత్రంతా నానబెట్టి, నీడన ఆరబెట్టి, రైజోబియం కల్చరు పట్టించాలి.

విత్తడానికి ముందే 100 శుద్ధి చేసిన గింజలను, 100 శుద్ధి చేయని గింజలను వేర్వేరు తడిగుడ్డలలో చుట్టి ఉంచి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. మొలక మరీ తక్కువైతే విత్తన మోతాదును పెంచుకోవచ్చు.

విత్తడం, పోషణ

జూన్, జూలై మాసాలలో నేల బాగా తడిసిన తరువాత విత్తాలి. సాళ్ళలోనైతే ఎకరాకు రెండున్నర కిలోలు, వెదజల్లితే 4 కిలోల విత్తనం కావాలి. సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. గింజ చిన్నది కనుక సెంటీమీటరుకు మించి లోతున పడరాదు. వెదజల్లిన పిమ్మట ముళ్ళకంపను తేలికగా ఈడిస్తే చాలు.

ఎకరాకు 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 10 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 17 కిలోల యూరియా ఆఖరి దుక్కిలో వేయాలి. భాస్వరమే ఇందులో ముఖ్యం.

తొలి రెండు నెలలు మొక్క మెల్లగా ఎదుగుతుంది. ఈ కాలంలో కలుపు తీయడం తప్పనిసరి. విత్తిన 75 రోజులకు పూత దశలో మొదటి కోత వస్తుంది. తొలి ఏడాది ఒక కోతతో సరిపెట్టుకోవాలి, పశువులను మేపరాదు. వరి కోతల తరువాత ఊరి పశువులు స్వేచ్ఛగా తిరుగుతాయి కనుక కంచె లేని స్టైలో నిలువదు. రెండవ ఏటి నుండి దిగుబడి పెరుగుతుంది. మూడవ ఏటి నుండి మంచి యాజమాన్యంలో ఎకరాకు ఏడాదికి 12 నుండి 14 టన్నుల పచ్చిమేత లభించగలదు. దీనిని వరిగడ్డితో కలిపి మేపితే మాంసకృత్తుల లోటు తీరుతుంది. మొదట్లో పశువులు అంతగా ఇష్టపడకపోయినా క్రమంగా అలవాటు పడతాయి.

గింజ రాల్చనిస్తే మరొక ఆదాయం కూడా ఉంది. అనంతపురం జిల్లాలో చిన్న రైతులు హమాటా వేసి, నేలరాలిన గింజను ఊడ్చి, తూర్పారబట్టి విత్తనంగా అమ్ముతూ వచ్చారు.

ఋణం ఎప్పుడు?

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని పశుపోషకుల నిర్వహణ వ్యయానికి కూడా వర్తింపజేస్తూ రిజర్వు బ్యాంకు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అర్హత, పరిమితి వివరాలను మీ శాఖ అధికారిని అడిగి తెలుసుకోండి. ఈ వానకాలంలో స్టైలో విత్తి, కంచె వేసి, వచ్చే ఏడు మేత చేతికందే వేళకు గేదె కోసం దరఖాస్తు చేయండి. ఒక ఏడాది ఆలస్యమైనా, పాకలోకి వచ్చిన పశువుకు మొదటి రోజు నుండే మీ నేల మేత పెడుతుంది.