చిన్న నోటు – గృహిణి బాధ్యత

గృహమున వేల రూపాయల లెక్క నెలకొకసారి వచ్చిన రావచ్చును. పది రూపాయల లెక్క దినమునకు పదిమారులు వచ్చును. కూరలు, పూలు, బస్సు టిక్కెట్టు, గుడిలో హారతిపళ్లెము – వీనియన్నిటికిని చేతికందునది చిన్న నోటే. ఫోనుతో చెల్లించు పద్ధతి ఊరూర వ్యాపించినను, పోపులడబ్బాకును కొంగుముడికిని పని తప్పలేదు. కావున దీనినిగూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మన దేశమున రూపాయి నోటు వెండి కఱవువలన పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండి దుర్లభమై నాణెములు అచ్చొత్తుట కష్టమయ్యెను. అంతట 1917 నవంబరు 30వ తేదీన ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మతో రూపాయి నోటు వెలువడినది. రెండు రూపాయల ఎనిమిదణాల నోటు సైతము ఆ కాలముననే పుట్టినది. 1926లో ఆగిన రూపాయి నోటు 1940లో, మరియొక యుద్ధమున, తిరిగి వచ్చెను. 1994లో ముద్రణ మానిరి. 2015లో మరల ప్రారంభించిరి. నిజాము రాజ్యమున 1918 నుండి వేరు నోట్లుండెడివి. వానిపై ఉర్దూతోపాటు తెలుగు, కన్నడము, మరాఠీ భాషలు నుండెడివి. అవి 1959లో రద్దయినవి.

తక్కిన నోట్లపై రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమును, సొమ్ము చెల్లింతునను వాగ్దానమును ఉండును. రూపాయి నోటుపై ఆర్థికశాఖ కార్యదర్శి సంతకమే యుండును, వాగ్దానముండదు. దానిని వెలువరించునది కేంద్రప్రభుత్వము.

శుభకార్యములందు నూటపదహారులు చదివించు ఆచారము మనకు కలదు. ఆ సందర్భమున నోట్లకు పిన్నులు గ్రుచ్చుట, దండలుగా కుట్టుట తగదని రిజర్వు బ్యాంకు కోరుచున్నది. నోటు ప్రత్తితో చేసిన కాగితమే యైనను, పలుచేతులలో నలుగు చిన్న నోటు త్వరగా శిథిలమగును. దానిపై చాకలిపద్దు వ్రాయుటయు మానవలయును.

ఇక ముఖ్యవిషయము. చిరిగిన నోటును మడతలో దాచి, మసకచీకటిలో పూలమ్మికి అంటగట్టి, నేర్పుగా వ్యవహరించితిమని సంతోషించువారు మనలో లేకపోలేదు. ఆ పది రూపాయలు మనకు లెక్కలోనివి కావు. ఆమెకు ఆ పూట లాభమంతయు అదియే కావచ్చును. మఱునాడు టోకు వర్తకుడు ఆ నోటు పుచ్చుకొనడు. నష్టము బలవంతుని చేతినుండి బలహీనురాలి చేతికి దిగి అచటనే నిలిచిపోవును.

ఇట్టి మోసమునకు అవసరమే లేదు. ఇరువది రూపాయలు, అంతకు తక్కువ విలువగల నోట్లలో సగమునకు మించిన భాగము ఒకే ముక్కగా మిగిలియున్నచో పూర్తివిలువ లభించును. సగమో, అంతకు తక్కువయో అయినచో ఏమియు రాదు. బుద్ధిపూర్వకముగా చించినవానిని అంగీకరింపరు. ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలో ఖాతా లేనివారును మాసిన నోట్లు మార్చుకొనవచ్చును. దినమునకు ఇరువది నోట్లు, ఐదువేల రూపాయలవరకు రుసుము లేదు.

కనుక ఒక చిన్న కవరులో చినిగిన నోట్లు వేసియుంచి, బ్యాంకునకు పోవునపుడు వెంట గొనిపోవుడు. పనిమనిషికిని పాలామెకును ఈ నియమము తెలియజెప్పుడు. వీలైనచో వారి నోట్లు కూడ మార్చి తెచ్చి యిండు. బిడ్డలచేత చిల్లర లెక్కింపజేయునపుడు, చెల్లని నోటును ఇంకొకరికి అంటగట్టరాదని నేర్పుడు. పదిరూపాయలయెడ పాటించిన నీతియే రేపు పదివేలయెడను నిలుచును.