మాటలు వాడలో ఉన్నాయి, తీరికే లేదు

'వీళ్ల పిల్లలకు మాటలు రావు. ఇళ్లల్లో ఎవరు మాట్లాడతారు గనక!' వాడ పిల్లల గురించి బడి వరండాల్లో మనలో చాలామంది విన్న మాటే ఇది. సాయంత్రం పూట మాలపల్లెలోనో మాదిగవాడలోనో ఒక గంట కూర్చున్నవాళ్లెవరూ అక్కడ మాటలు తక్కువని అనలేరు. అయినా ఆ ముద్ర చెరగదు. పైగా దానికి ఒక పరిశోధన తోడు కూడా దొరికింది.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాల ఇళ్లకు నెలకో గంట చొప్పున రెండేళ్లకు పైగా వెళ్లి, పసిపిల్లలతో పెద్దలు మాట్లాడే మాటల్ని రికార్డు చేశారు. 1995లో పుస్తకం వేశారు. ప్రభుత్వ సాయంతో బతికే ఇళ్లలోని పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికి, పెద్ద ఉద్యోగుల పిల్లల కంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లెక్క కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. సాయంతో బతికే కుటుంబాలు ఆ 42లో ఆరేననీ, ఆ ఆరూ నల్లజాతి కుటుంబాలేననీ మాత్రం అంతగా ప్రచారం కాలేదు. 2018లో డగ్లస్ స్పెర్రీ, ఆయన సహచరులు వేరే లెక్క చూపించారు. తల్లి నేరుగా బిడ్డతో అన్న మాటలే కాకుండా అవ్వ, అక్క, పక్కింటివాళ్ల మాటల్ని కూడా కలిపితే పేదిళ్ల పిల్లలు అంత వెనకబడి లేరని తేలింది. ఎవరి మాటను మాటగా లెక్కిస్తారన్నది మనకు కొత్త ప్రశ్నేం కాదు.

అలాగని చెవినపడిన ప్రతి మాటా బిడ్డ నోటికి రాదు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది తమవైపు తిరిగి, తమతో మాట్లాడిన మాటల నుంచే. బిడ్డ చూపు దేనిమీద ఉందో ఆ క్షణాన దాని పేరు వినబడితే ఆ మాట అతుక్కుంటుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మీద అమెరికాలో జరిగి, 2018లోనే వెలువడిన మరో అధ్యయనం కూడా ఇటే చూపిస్తోంది. మెదడులో భాషకు సంబంధించిన భాగం చురుకుదనం పిల్లలు విన్న మాటల సంఖ్యతో కంటే, పెద్దలకూ పిల్లలకూ మధ్య అటూ ఇటూ సాగిన మాటల మార్పిడితో ఎక్కువ ముడిపడి కనిపించింది.

దీనికి బొమ్మల పుస్తకం కొనాల్సిన పని లేదు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటుంది, బిడ్డ వచ్చి చెయ్యి పెడుతుంది. 'ఏయ్, తియ్' అంటే అక్కడితో అయిపోయింది. 'ఇగో, రాయి. పారేద్దామా? ఇది వడ్లగింజ. పొట్టుంది సూడు. ఊదు!' అంటే చెరిగే పని ఆగదు, కానీ బిడ్డకు నాలుగైదు కొత్త మాటలు చేతికి తగులుతాయి. అన్నాక కాసేపు ఆగాలి. పసిపిల్లలకు జవాబు వెతుక్కోవడానికి టైం పడుతుంది, మనమేమో ఆగకుండా రెండో మాట అనేస్తాం. 'యాయి' అంటే నవ్వకుండా, తప్పు దిద్దకుండా, 'అవును, రాయి. గట్టి రాయి' అని ఒక మాట కలిపి తిరిగివ్వాలి.

గోడమీద వేలాడే చార్టులో ఆపిల్, జీబ్రా ఉంటాయి. అన్నీ పేర్లే. ఇంటిపనిలో అయితే క్రియలుంటాయి: చెరుగు, కడుగు, వంచు, పిండు, ఆరెయ్యి, మడతపెట్టు. మాటకు మాట కలిపి 'నీళ్లు పొయ్యి' అనడానికి క్రియే కావాలి. బట్టలుతికే చోట తడి, పొడి, నాన్న అంగీ, అక్క లంగా అన్నీ ఒకేసారి దొరుకుతాయి. బిడ్డను చంకనెత్తుకు తిరిగే అక్కకూ ఈ సంగతి చెప్పాలి. చాలా ఇళ్లలో పగలంతా బిడ్డతో ఉండేది ఆ పిల్లే.

ఏ భాషలో అన్నది ఇంకో సంగతి. గెంజి, సల్ది, తునకలు, డప్పు, తోలుపని ఇంకా ఉన్న ఇంట్లో ఆరె, రంపె, లంద. ఇవన్నీ మాటలే. తునకల పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించాల్సిన అవసరం లేదు. ఇంగ్లీషు వద్దని కాదు, అది మన పిల్లల హక్కు. కానీ తల్లికి పది ఇంగ్లీషు మాటలే వస్తే బిడ్డకు అందేవి కమ్, సిట్, గో లాంటి ఆజ్ఞలే. తల్లి తడుముకోకుండా మాట్లాడే భాషలో అయితే కథలూ కారణాలూ అందుతాయి. వాటి మీదే రెండో భాష నిలబడుతుంది. చేతికిచ్చిన ఫోను ఎంత మాట్లాడినా బిడ్డ చూపు ఎటుందో దానికి తెలియదు, బిడ్డ జవాబు కోసం అది ఆగదు.

రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే తిరగకపోయినా తల్లిని తప్పుపట్టకుండా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి కారుతుంటే మరీ ఆలస్యం చేయొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్ష ఉచితం.

ఇక తీరిక సంగతి. తెల్లారకముందే కూలికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లికి 'బిడ్డతో మాట్లాడు' అని బోధించడం తేలిక. ఆ తల్లి పనిలో ఉన్నంతసేపు బిడ్డ ఎక్కడుండాలి? 2005 నాటి ఉపాధి హామీ చట్టం దీన్ని గుర్తించింది. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలంది. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో మూడేళ్లలోపు పిల్లలకు ప్రధానంగా అందేది ఇంటికిచ్చే పోషకాహారమే. వాళ్లతో ఆడించే, మాట్లాడించే పనుల కోసం కేంద్రం 2024లో 'నవచేతన' అనే మార్గదర్శకాలు తెచ్చింది. టీచరు ఇంటింటికీ తిరిగేటప్పుడు వాడలోకి వస్తోందా, గడప బయటి నుంచే పలకరించి వెళ్తోందా అన్నది మనం చూడాలి.

కేంద్రం ఊళ్లో ఉంటే రెండేళ్ల బిడ్డ వాడ నుంచి నడిచి పోలేదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటికీ వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు రావాలంది. 2006 డిసెంబరు 13న ఇంకా స్పష్టంగా చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే, మూడు నెలల్లోపు ఇవ్వాలి. అందుకే సర్వేకు వెళ్లే విద్యార్థులు వాడలోని పిల్లల పేర్లు, వయసులు రాసుకుని, దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. మూడు నెలల లెక్క ఆ తేదీ నుంచే.